భూపాలపల్లి అన్న వేసిన ఓవర్

మా కంపెనీ వ్యవసాయ మోటార్లు తయారుచేస్తుంది. ఏడాదికోసారి డీలర్లకూ ఉద్యోగులకూ క్రికెట్ మ్యాచ్ పెడుతుంది. అందులో ఉద్యోగులు ఓడిపోవాలి. ఇది ఏ కాగితం మీదా ఉండదు గానీ, కొత్తగా చేరినవాళ్లకు క్యాంటీన్ ఎక్కడుందో చూపించకముందే ఈ మాట చెవిన వేస్తారు. మన మోటార్లు అమ్మిపెట్టేది వాళ్లు కాబట్టి ఏడాదికొక్క పూట గెలిపించి, మటన్, బగారన్నం పెట్టి, శాలువా కప్పి పంపితే మనకేం పోతుందని మా పెద్దాయన వాదన. పెద్దాయన అంటే హైదరాబాదులో కూర్చునే మా పైఅధికారి. ఆయన జీవితంలో బ్యాట్ పట్టుకున్నది ఫొటో కోసం మాత్రమే.

నేనేమో దేశం తరఫున క్రికెట్ ఆడినదాన్ని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు చేసే మొదటి పని నన్ను కింది నుంచి పైదాకా చూడటం. రెండో పని "ఆడవాళ్ల టీమా?" అని అడగటం. కాదు, మీసం అంటించుకుని మగవాళ్ల టీములో ఆడాను అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. ఒకటి రెండుసార్లు చెప్పాను కూడా. ఎన్ని మ్యాచ్‌లాడాను, ఎన్ని పరుగులు కొట్టాను అని మాత్రం అడగకండి. ఎక్కువ చెబితే గొప్పలంటారు, తక్కువ చెబితే పాపమంటారు. ఓపెనింగ్ బ్యాటర్‌ని, అంతవరకు చాలు.

మోకాళ్లు మొండికేశాక ఆట మానేసి ఈ కంపెనీలో చేరాను. మొదటి ఏడాది నా ఉద్యోగం క్యాలెండర్ మీద మోటారు పక్కన నిలబడి నవ్వడం. ఒక చేతిలో బ్యాటు, రెండో చేయి మోటారు నెత్తి మీద. జనవరి నుంచి డిసెంబరు దాకా అదే నవ్వు. ఒళ్లు మండి, నన్ను ఊళ్లలోకి పంపుతారా, మానేసి పోనా అని కూర్చున్నాను. దేవరుప్పుల వైపు చేలల్లో రైతుల వెంట తిరిగి, ఎంత లోతు బోరుకు ఏ మోటారు దించాలో, కరెంటు తక్కువొస్తే ఏది ముందు కాలిపోతుందో నేర్చుకున్నాను. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకూ నేనే హెడ్డు. ఆఫీసు జనగామలో. పుట్టింది లింగాల ఘనపూర్ పక్కన, చదివింది జనగామలో. "లోకమంత తిరిగి మళ్ల గీడనే వచ్చి పడ్డవ్ బిడ్డా" అని మా అవ్వ నవ్వుతుంది.

ఆ చదువుకునే రోజుల సంగతి ఒకటి చెప్పాలి. జనగామలో బడి వెనక మైదానంలో మగపిల్లలతో ఆడేదాన్ని. నా వంతు రాగానే ఎవడో ఒకడు బౌలర్‌కు చెప్పేవాడు: "ఆడపిల్లరా, జర మెల్లగ వెయ్యి." వాడు చేయి తిప్పకుండా కింది నుంచి దొర్లించేవాడు. నేను కొడితే మెల్లగా వేశాం కాబట్టి కొట్టింది అనేవాళ్లు. తప్పిపోతే మెల్లగా వేసినా తగల్లేదు చూడు అనేవాళ్లు. కొట్టినా లెక్కలోకి రాదు, అవుటైనా లెక్కలోకి రాదు. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. చివరికొకనాడు బ్యాటు విసిరికొట్టి, గట్టిగ వేస్తేనే ఆడుత, లేకుంటె మీ అక్కచెల్లెండ్లకు ఏస్కోండ్రి అని తిట్టి వచ్చేశాను. మర్నాడు గట్టిగా వేశారు. పక్కటెముకల మీద బంతి తగిలి కమిలిపోయింది. అంత సంతోషం నాకు తర్వాత దేశం టోపీ పెట్టుకున్నప్పుడు కూడా కలగలేదంటే మీరు నమ్మరు.

ఇక భూపాలపల్లి డీలర్ గురించి. యాభై దాటిన మనిషి. తండ్రి బొగ్గుబావిలో పనిచేశాడు. ఈయన మోటార్లు అమ్ముతాడు, కాలిపోయినవాటికి మళ్లీ వైండింగ్ చేస్తాడు. రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్లు, మణికట్టు ఉక్కులాగా ఉంటాయి. మిగతా డీలర్లందరూ నన్ను మేడం అంటే, ఈయన మొదటి రోజే చెల్లె అన్నాడు. నేను అన్న అన్నాను. మిగతావాళ్లు నాతో సెల్ఫీలు దిగితే, ఈయన చాయ్ తాగుతూ ఒక్క ప్రశ్న అడిగాడు.

"లెగ్ స్పిన్ ఆడేటప్పుడు నువ్వు బంతిని చూస్తవా చెల్లె, వేసేటోని చెయ్యి చూస్తవా?"

"చెయ్యి చూస్త అన్న. చెయ్యి దాటినంక చూసుడు దండుగ."

ఆయన తలూపి, తన మణికట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. చిన్నప్పుడు బొగ్గుబావుల కాలనీ టోర్నమెంట్లలో లెగ్ స్పిన్ వేసేవాడట. జిల్లా జట్టు ఎంపికకు పోదామనుకున్న ఏడాదే తండ్రి చనిపోయాడట.

పోయిన చలికాలం, నేను హెడ్డయ్యాక మొదటి మ్యాచ్. మహబూబాబాద్‌లో కాలేజీ మైదానం మాట్లాడాం. ముందు రోజు పెద్దాయన ఫోన్ చేశాడు.

"భూపాలపల్లి ఆయన వేరే కంపెనీ వాళ్లతో మాట్లాడుతున్నాడట. ఆయన పోతే ఆ జిల్లాలో మనకు దుకాణం లేనట్టే. ఆయన బౌలింగ్ వేస్తాడట కదా. మీరు ఆయనకు అవుటైపోండి. ఇండియా ప్లేయర్ వికెట్ తీశానని చచ్చేదాకా చెప్పుకుంటాడు, మనల్ని వదలడు."

దాచుకోవడమెందుకు, నాకా మాట బాగా నచ్చింది. డీలరు ఉంటాడు, మనసు నిండుతుంది, నాకొక్క వికెట్ ఖర్చు. ఇంత సులువైన బేరం ఇంకోటి ఉంటుందా అనుకుని హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మైదానంలో జరిగింది క్రికెట్ అనడానికి నాకు నోరు రాదు. మేం ముందు బ్యాటింగ్ చేశాం. నాతోపాటు దిగిన మా సర్వీస్ ఇంజినీరు మొదటి ఓవర్లోనే రనౌట్ అయిపోదామని పిచ్ మధ్యలో వంగి తీరిగ్గా షూ లేసు కట్టుకోసాగాడు. బంతి చేతిలో పట్టుకున్న డీలరు వికెట్ల పక్కన నిలబడి, "రా సారు, రా, తొందరేం లేదు" అని పిలుస్తున్నాడు. తర్వాత మా ఇంజినీరు బంతిని నేరుగా ఆకాశంలోకి లేపాడు. దాని కింద నిలబడిన జనగామ డీలరు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బంతి తన ముందు పడేదాకా ఓపిగ్గా చూశాడు. పడ్డాక దాన్ని కాలితో బౌండరీ వైపు నెట్టాడు కూడా. అంపైర్ మహబూబాబాద్ డీలరు, మేమంతా చాచా అని పిలిచే పెద్దమనిషి. మావాడు క్లీన్ బౌల్డయ్యాక, తీరిగ్గా ఆలోచించి నో బాల్ అన్నాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్లాను. "ఏంది చాచా గిది?"

"చూడు బేటా, ఇండియాకు ఆడిన బిడ్డవు నువ్వు. నీ టీమును మేం ఓడగొడితె జిల్లల మా ఇజ్జత్ ఏముంటది? అందరం మాట్లాడుకునే వచ్చినం. గెలిచేది మీరే."

"మేం ఓడిపోనీకె వచ్చినం చాచా. ఏటా గంతే గద."

చాచా తెల్లగడ్డం గోక్కున్నాడు. "మరెట్ల? ఎవలో ఒకలు గెలువాలె గద బేటా. లేకుంటె భోజనాలెప్పుడు?"

నవ్వు ఆపుకోలేక బ్యాటు మీద వాలిపోయాను. అప్పుడే భూపాలపల్లి అన్న బంతి అందుకున్నాడు. ప్యాంటు మడతలు విప్పి సరిచేసుకున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నాలుగడుగులు వేసి మొదటి బంతి వేశాడు. అది గాలిలో లోపలికి వంగి, నేననుకున్న దానికంటే ముందే దిగి, బుస్సున బయటికి తిరిగింది. ఆలోచించకుండానే చేతులు బ్యాటు అడ్డం పెట్టాయి. రెండోదీ అంతే. ఆ పొద్దంతా మైదానంలో జరిగిన మొదటి నిజమైన సంగతి అదే. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. పెద్దాయన మాటే చెవిలో ఉంది. మూడో బంతి తిరగకుండా నేరుగా వచ్చింది. నేను బ్యాటును ఒక బెత్తెడు పక్కకు పెట్టాను. వికెట్ పడింది.

చప్పట్లు, ఈలలు. బౌండరీ దగ్గర మా వాళ్లు శాలువా మడతలు విప్పుతున్నారు. నా వికెట్ తీయగూడదని ఒట్టేసుకున్న డీలర్లు కూడా ఒట్టు మరిచిపోయి ఎగురుతున్నారు. అన్న మాత్రం చేతులు పైకెత్తలేదు. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"గా బంతి తిరగలె చెల్లె. సీదా వచ్చింది. నా చేతిల నుంచి జారిన చెడ్డ బంతి."

"లేదన్న, మోసపోయిన. మస్తు వేసినవ్."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. ఆ చూపుకు నా చెవులు వేడెక్కాయి. బంతి చాచా చేతిలో పెట్టి, ఓవర్ పూర్తి చేయకుండానే బండి దగ్గరికి నడిచాడు. అన్నం తినలేదు. శాలువా తీసుకోలేదు. మా ఇంజినీరు వెంటపడి పిలిస్తే కడుపులో బాగలేదన్నాడట.

ఎవరు గెలిచారంటారా? చాచా లెక్కలో రెండు జట్లూ సమానం. ఆకలేస్తున్నదని ఆయనే తేల్చేశాడు.

రెండు రోజులకు అన్న ఫోన్ చేశాడు. "మేడం, మీ కంపెనీ బోర్డు దింపి పక్కకు పెట్టిన. మనిషిని పంపి తీస్కపోండ్రి." అంతే, పెట్టేశాడు. చెల్లె పోయి మేడం వచ్చింది. పెద్దాయనకు చెబితే, వికెట్ ఇచ్చినా పోతాడా, ఏం మనిషండీ వాడు అని విసుక్కున్నాడు. ఆఫీసులో కూర్చుని కాగితాలు చూస్తున్నానన్న మాటే గానీ, చిన్నప్పుడు మైదానంలో ఆ పిల్లలు నాకు దొర్లించిన బంతులే కళ్లముందు తిరుగుతున్నాయి. జర మెల్లగ వెయ్యి. అప్పుడు వాళ్లు నాకు చేసిందే ఇప్పుడు నేను ఆయనకు చేశాను. వాళ్లదంటే చిన్న వయసు, బుద్ధి లేదు. నాకేమైంది? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ శనివారం పొద్దున్నే పాత కిట్ బ్యాగ్ కారులో వేసుకుని భూపాలపల్లి బయలుదేరాను. దారి పొడుగునా బొగ్గు లారీలు, వాటి వెనక నేను, నా వెనక దుమ్ము. దుకాణం ముందు మా బోర్డు గోడకు ఆనించి ఉంది. లోపల అన్న ఒక పెద్ద మోటారు పొట్ట విప్పి తీగ చుడుతున్నాడు. నన్ను చూసి కూడా చేయి ఆపలేదు.

"కూసోండ్రి మేడం. చాయ్ తెప్పిస్త."

"అన్న, నేను కావాల్నని అవుటయిన. తప్పు చేసిన. మాఫ్ చెయ్యి."

తీగ ఆగింది. "గదంత ఎందుకు మేడం. మీరు పెద్దోళ్లు. మా అసోంటోళ్లను ఖుష్ చేద్దామని చేసిన్రు. దుకాణం సంగతైతే అయిపోయింది. కొత్త కంపెనోళ్లకు నిన్ననే మాటిచ్చిన. ఇచ్చినంక తప్పనీకె లేదు."

"దుకాణం కోసం రాలె. నువ్వు పొమ్మన్నా పోను."

అప్పుడు వెనక గదిలో నుంచి ఆయన భార్య వచ్చింది. నాకు చాయ్ ఇస్తూ, మొగుడి మీద నెల రోజులుగా ఆపుకున్న కోపమంతా నాతో చెప్పుకుంది. "చూసినవా వదినా, గీయన చేసిన పని? మీ మ్యాచ్ ఉన్నదని తెల్సిన కాడికెల్లి రోజు తెల్లారంగ లేసి, వెనక గోడకు సుద్దతోని మూడు గీతలు గీసి, గా కార్క్ బంతితోని ఒకటే దంచుడు. గోడ పెచ్చులు లేసిపోయినయ్. ఎందుకయ్యా అంటె, చెల్లె చెయ్యి చూసి ఆడుతదట, చెయ్యి కనవడకుంట వెయ్యాలెనట."

అన్న తలకాయ దించుకుని మోటారులోకి చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక నెల. ఒక్క ఓవర్ కోసం ఒక నెల గోడకు వేసుకున్న మనిషికి నేను బెత్తెడు బ్యాటు పక్కకు జరిపి భిక్షం వేశాను. ఏడుపొచ్చింది, ఏడిస్తే ఇంకా పాడవుతుందని లేచి నిలబడ్డాను.

"లే అన్న. ఓవర్ వెయ్యి."

"ఎందుకు? మళ్ల జాలిపడి అవుటయితవా?"

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "జాలా? కొడితె నీ బంతి బొగ్గుబావిల పడ్తది. అప్పుడు నువ్వు ఏడ్వొద్దు. వెయ్యొస్తదా, రాదా?"

ఆయన చేతులు తుడుచుకుని లేచాడు. అద్దాల వెనక కళ్లలో ఏదో కదిలింది.

వెనక పెరడు సన్నగా, పొడుగ్గా ఉంది. ఒక చివర సుద్ద గీతల గోడ, రెండో చివర ఖాళీ ప్లాటు. గోడ ముందు నిలబడి ప్యాడ్లు కట్టుకున్నాను. అవి బిగుతైపోయాయి, కాళ్లే లావయ్యాయో మరి. వదిన తలుపు గడప మీద కూర్చుంది, చూడనట్టు చిక్కుడుకాయలు తుంచుతూ.

మొదటి బంతి తిరిగేలోపే ముందుకు దూకి లేపాను. ఖాళీ ప్లాటు దాటి కంపల్లో పడింది. అన్నే పోయి వెతికి తెచ్చుకున్నాడు. రెండోది నేల మీద నుంచి నీళ్ల డ్రమ్ముకు తగిలి మోగింది. మూడోది మళ్లీ కంపల్లోకి. "గింతదానికేనా గోడ పగలగొట్టింది" అని వదిన గొణిగింది. ఆయన చొక్కా తడిసిపోయింది. మోచేతికి ముల్లు గీరుకుని రక్తం కనిపిస్తోంది. నాలుగో బంతి చెడ్డది, నడుం ఎత్తులో వచ్చింది. ఇక చాలు, దీన్ని వదిలెయ్యి అని నా చేతులు నన్ను బతిమాలాయి. వాటిని తిట్టి, అది కూడా కొట్టాను. నా క్రికెట్ మొత్తంలో అంత కష్టపడి కొట్టిన బంతి లేదు.

అన్న మాత్రం నవ్వుతున్నాడు. "గిది ఆట. గిది గద ఆటంటె" అంటూ మళ్లీ కంపల వైపు నడిచాడు. అయిదోది మంచిగా వేశాడు. అడ్డం పెట్టాను. ఆయన ఒక్క క్షణం ఆగి, బంతిని వేళ్ల మధ్య మార్చుకుని పట్టుకున్నాడు.

ఆరో బంతి వేసేటప్పుడు చేయి చూశాను. మణికట్టు ఎప్పటిలాగే తిరిగింది. బయటికి తిరుగుతుందని ముందుకు వంగి బ్యాటు వేశాను. బంతి బయటికి పోలేదు. లోపలికి వచ్చి, బ్యాటుకూ ప్యాడుకూ మధ్య నుంచి దూరి, వెనక గోడకు తగిలి టప్పుమంది.

అన్న దగ్గరికి రాలేదు. వేసిన చోటే నిలబడి, మెల్లగా అడిగాడు.

"నిజంగనేనా?"

ఆ ప్రశ్న నాకు వినిపించింది గానీ, జవాబు చెప్పే తీరిక లేదు. నేనప్పటికే గోడ దగ్గర వంగి కూర్చుని మచ్చ వెతుకుతున్నాను. "తగలలె. గీత బయటనే తగిలింది. గీడ చూడు, గిది పాత పెచ్చు. నువ్వు గీతలే వంకరగ గీసినవ్. ఇంత ఎత్తు వికెట్లు ఎక్కడన్న ఉంటయా?" బ్యాటు ఎప్పుడు నేలకేసి కొట్టానో నాకు తెలియదు, చేతులు జివ్వుమంటున్నాయి.

వదిన చిక్కుడుకాయలు పక్కన పెట్టి వచ్చి, కళ్లు చికిలించి గోడ చూసింది. నడిమి గీత మీద సుద్ద చెరిగిపోయి, గుండ్రంగా ఎర్రటి మచ్చ ఉంది. "నడిమిట్లనే తగిలింది వదినా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "గింత లొల్లి వెడ్తున్నది, ఇంక అడుగుతవేంది" అంది.

అన్న నడుచుకుంటూ వచ్చి బంతి ఏరుకున్నాడు. అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు, ఆ చొక్కా అంచుతోనే కళ్లు కూడా.

"ఇంకొక్కటి వెయ్యి" అన్నాను.

"ఆరయినయ్ చెల్లె."

"ఒక్కటే అన్న. చెయ్యి సరిగ కనవడలె. ఎండ అడ్డమొచ్చింది. ఒక్కటి వెయ్యి, పోత."

ఆయన బంతిని ప్యాంటు జేబులో పెట్టుకుని, పైన చేయి అడ్డం పెట్టుకున్నాడు. అన్నం తినేటప్పుడు అడిగాను, వెయ్యనన్నాడు. బోర్డు కారులోకి ఎక్కించేటప్పుడు అడిగాను, నవ్వాడు. కారు తిప్పుకుని అద్దం దించి మళ్లీ అడిగాను. జేబు మీద నుంచి చేయి తీయకుండా, ఇంకో చేత్తో పొమ్మని ఊపాడు.